రెండు పాలక్యాన్ల వేడి

బజారులోని మోటారు వైండింగ్ షాపుల్లో రాగితీగ చుట్టే ఆడమనిషి ఒక్కతే. అందుకే ఆమెకి తీగమ్మ అని పేరు పడింది. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. కాలిపోయిన మోటార్లు భుజాన వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడాల్సి వచ్చాక అదే పేరు మర్యాదగా పలకడం నేర్చుకున్నారు. పని నేర్పిన మేస్త్రి ఆమెకి ఒకటే అలవాటు చేశాడు. ఎంత బాగా చుట్టినా, మీటరు ఎంత బాగుందని చెప్పినా, మోటారుని గంటసేపు తిప్పి దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి చూడకుండా షాపు దాటనివ్వకూడదు. "మీటరు అడిగినదానికే జవాబు చెబుతుంది, వేడి అడక్కపోయినా చెబుతుంది" అనేవాడాయన. ఇరవై రెండేళ్ళుగా తీగమ్మ అరచెయ్యి ఆ పని చేస్తూనే ఉంది.

ఆమె బావ రాళ్ళు పాలిష్ పట్టే కార్ఖానాలో పాతికేళ్ళు పనిచేశాడు. ముక్కుకి కట్టుకోవడానికి గుడ్డపీలిక ఇవ్వడానికి చేతులు రాని కార్ఖానా, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి మాత్రం ధారాళంగా ఇచ్చి పంపింది. ఇప్పుడు ఆక్సిజన్ అందించే గాలి మిషను పక్కన లేనిదే ఆయనకి గడవదు. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే ఇంట్లో ఉన్న ఇన్వర్టరు రెండు గంటలు లాగుతుంది, అంతే.

అలాంటింటికి ఒక కబురొచ్చింది. వచ్చే గురువారం పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఐదుదాకా లైన్లు మారుస్తారట, కరెంటు ఉండదట. ఎనిమిది గంటలు. అక్క ఆసుపత్రికి వెళ్దామంది. బావ ససేమిరా అన్నాడు. కిందటిసారి వార్డులో అటు మంచం, ఇటు మంచం ఆయన కళ్ళముందే ఖాళీ అయ్యాయి మరి.

అప్పుడు రేడియో అన్నయ్య పెట్టె పట్టుకొచ్చాడు.

రేడియో అన్నయ్య బావకి చిన్ననాటి స్నేహితుడు. జనం రేడియోలు వినడం మానేసినా ఆయన వాటిని విప్పడం మానలేదు. ఫోనులో ఎక్కడో చూసిన బొమ్మ పట్టుకుని ఏడాదిగా ఒక సర్క్యూట్ కడుతున్నాడు. అందులోకి వెళ్ళే కరెంటు కంటే బయటికొచ్చేది ఎక్కువట. ఇన్వర్టరు తీసేసి దాని బ్యాటరీలు ఈ పెట్టెకి తగిలిస్తే, మిగులు కరెంటు తిరిగి బ్యాటరీల్లోకే పోతుందట, ఇక ఖాళీ అవడమనే మాటే లేదట. ఆయన ఎవరినీ పైసా అడగలేదు. స్నేహితుడి కోసం చేశాడు. మోసగాడైతే వాకిట్లోంచే తరమొచ్చు. ప్రేమగా వచ్చిన పొరపాటుకి పీట వేసి కూచోబెడతాం, అదే చిక్కు.

పైగా ఆ పెట్టెలోని కాయిలు చుట్టింది తీగమ్మే. ఎందుకని అడక్కుండా, చుట్టు పక్కన చుట్టు పొందిగ్గా పేర్చి ఇచ్చింది. ఇప్పుడు తన సొంత మీటరు తెచ్చి పెట్టి చూసింది. లోపలికి నలభై వాట్లు, బయటికి యాభై ఐదు. మళ్ళీ చూసింది. అంతే. నిజమైతే బావ ఇంట్లోనే ఉండొచ్చు. ఈ గురువారమే కాదు, ఏ గురువారమూ భయపడక్కర్లేదు. అక్క అప్పుడే మంచం కిటికీ దగ్గరికి జరుపుతోంది.

మర్నాడు షాపులో మనసు పనిలో లేదు. ఒక పంపు మోటారు కొసలు తారుమారుగా కలిపితే అది వెనక్కి తిరిగింది. ఆపి, సరిచేసి, గంట తిప్పి, అలవాటుగా అరచెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తియ్యకుండా అలాగే కూచుండిపోయింది. ఆ పెట్టెని మీటరుతో చూశాను గానీ, వేడితో చూడలేదే.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి సరంజామా దిగింది. ఒకే రకం చిన్న బ్యాటరీలు రెండు, నిండా ఛార్జి చేసినవి. రెండు పాలక్యాన్లలో తూకం వేసిన నీళ్ళు, అయిదేసి కిలోలు. ఒక్కోదాంట్లో ఒకే కొలత తీగతో తీగమ్మ స్వయంగా చుట్టిన హీటరు. క్యాన్లకి దుప్పట్లు చుట్టారు. ఒక బ్యాటరీ తిన్నగా క్యానుకే, రెండోది పెట్టెలోంచి క్యానుకి. బ్యాటరీలు, పెట్టె లోపలి గదిలో, క్యాన్లు వరండాలో. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నల్ల దారం. ఏది దేనిదో థర్మామీటరు చూసే అక్కకి చెప్పలేదు.

"నువ్వే చూడొచ్చుగా, నాకేం తెలుసు ఇవన్నీ?" అంది అక్క.

"నీకు తెలీదనే నిన్ను చూడమంటున్నా. నా కళ్ళు ఇప్పుడు నాకేం కావాలో అదే చూస్తాయి."

ఎంత వస్తే ఎవరు ఓడినట్టో ముందే తేల్చమని తీగమ్మ అడిగింది. రేడియో అన్నయ్య నవ్వి, తన క్యాను కనీసం రెండు డిగ్రీలు ఎక్కువ ఉండకపోతే పెట్టె అటకెక్కిస్తానన్నాడు. ఆ మాట సుద్దముక్కతో తలుపు మీద రాయించింది.

రెండు గంటలకి తిన్నగా కలిపిన బ్యాటరీ అయిపోయింది. పెట్టె ఇంకా నడుస్తోంది. పావుగంట, అరగంట, నలభై నిమిషాలు. రేడియో అన్నయ్య మొహం దీపావళి మతాబా అంటే తక్కువే. గోడకి చేరబడి, ఇన్వర్టరు ఎప్పుడు విప్పుదామని అడిగాడు. పెట్టె కూడా ఆగాక తీగమ్మ అక్కని పిలిచి రెండు క్యాన్ల నీళ్ళూ కలియబెట్టి చదవమంది. మొదలుపెట్టినప్పుడు రెండూ ఇరవై ఆరు.

"ఎర్రది ముప్పై ఆరు. నల్లది ముప్పై మూడు."

నల్లది పెట్టెది. ఎక్కువసేపు నడిచింది గానీ తక్కువ ఇచ్చింది. ఎర్రది నలభై నిమిషాలు చల్లారుతూ కూచుని కూడా నెగ్గింది.

రేడియో అన్నయ్య బ్యాటరీ తేడా అన్నాడు, క్యాను తేడా అన్నాడు. తీగమ్మ కాదనలేదు. బ్యాటరీలు మార్చి, క్యాన్లు మార్చి సోమవారం పొద్దున్నే మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే కథ, పావు డిగ్రీ అటూ ఇటూ.

మరి మీటరెందుకు అలా చెప్పిందని అడిగాడాయన, ఓడినవాడిలా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. తీగమ్మ తనకి తెలిసినంత చెప్పింది. మన మీటరు సాఫీగా లేచి పడే కరెంటుకి అలవాటుపడింది. ఈ పెట్టె కరెంటుని వడగళ్ళలా విసురుతుంది. వాటిని లెక్కపెట్టలేక మీటరు ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. నీళ్ళకి ఆ బాధ లేదు, ఎలా వచ్చినా కూడుకుంటాయి.

"అయితే గురువారం మధ్యాన్నం ఇది ఆగిపోయేదే కదా చెల్లెమ్మా" అన్నాడు. అని, పెట్టె వైపు కాకుండా మంచం వైపు చూశాడు. చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు బావ, ముక్కులో గొట్టం సర్దుకుని, ఆగి ఆగి అన్నాడు. "ఒరేయ్, నాకు మొదట్నించీ భయమేరా. నువ్వు ఏడాది కష్టపడ్డావని నోరు రాలేదు."

"నోరు రాక గాల్లో దీపం పెట్టుకునేవాడివా? ఊపిరి నీదా నాదా, వెధవా?"

"నీ మొహం చిన్నబోతుందేమోనని…"

"నా మొహం ఎప్పుడు పెద్దగా ఉంది గనక!"

అక్క నవ్వింది. వారంరోజులుగా బిగబట్టిందంతా ఒక్కసారి వదిలినట్టు, కూచుని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తీగమ్మకి మాత్రం నవ్వుతోపాటు కోపం కూడా వచ్చింది, అన్నయ్య మీద కాదు. ఊపిరి ఆడాలంటే మనిషి అద్భుతాలు నమ్మాల్సిన పరిస్థితి ఎవరు తెచ్చారు? ఎనిమిది గంటలు కరెంటు తీసేవాళ్ళు, ఈ వీధుల్లో ఎవరి ఊపిరి ఆ తీగకి వేలాడుతోందో ఒక్కసారైనా అడిగారా?

ఆ మధ్యాహ్నమే అక్కనీ, అలాంటి మిషన్లున్న ఇళ్ళ ఆడవాళ్ళు ఇంకో నలుగురినీ వెంటేసుకుని కరెంటాఫీసుకి వెళ్ళింది. గాలి మిషన్లున్న ఇళ్ళ జాబితా చూపించమంది. అలాంటిది లేదన్నారు. అయితే రాసుకోండని బల్లముందు కూచున్నారు. రాస్తే ఏడిళ్ళు తేలాయి. ఏడిళ్ళ పేరిటా అర్జీ మీద ముద్ర పడేదాకా లేవలేదు. సాయంత్రానికి ఆఫీసరు ఆసుపత్రికి ఫోను చేశాడు. గురువారం ఏడుగురికీ మంచాలు, తీసుకెళ్ళడానికి బండి. ఇకమీదట కరెంటు తీసేముందు ఆ ఏడిళ్ళకి చెప్పి తీస్తామని కాగితం కూడా ఇచ్చారు. ఒంటరిగా కాదు, ఆరుగురి తోడుతో అని తెలిశాక బావ కూడా సరేనన్నాడు.

గురువారం వార్డులో ఏడు మిషన్లు ఒకే శ్రుతిలో గురగురమన్నాయి. పక్క మంచాలు ఈసారి ఖాళీ కాలేదు. అందులో ఇద్దరు బావ కార్ఖానావాళ్ళే, పనిచేసే రోజుల్లో యంత్రాల రొదలో ఎన్నడూ సరిగా మాట్లాడుకోనివాళ్ళు. మధ్యాహ్నమంతా యజమానిని తిట్టుకుంటూ హాయిగా గడిపారు. రేడియో అన్నయ్య ఒక పాత రేడియో తెచ్చి, వద్దన్నా వినిపించాడు.

ఒక్కటే లోటు. నెత్తిమీద ఫ్యాను తిరగలేదు. నర్సుని అడిగితే కాలిపోయి మూడు నెలలైందంది. తీగమ్మ తలెత్తి చూసింది, తర్వాత అన్నయ్య వైపు చూసింది.

"మన పెట్టెలోని కాయిలు తీగ దీనికి సరిపోతుంది అన్నయ్యా."

ఆయన కాసేపు రేడియో మరను అటూ ఇటూ తిప్పాడు. "విప్పు" అన్నాడు. "కానీ చుట్టాక అరచెయ్యి నేను పెడతాను."