రూతు గొంతు రాకముందు నిమిషంన్నర

రూతు రెండో పాట ఆడకపోవడానికి కారణం పెళ్లయ్యాక ఆమె గొంతు పాడవడమేనని నర్సీపట్నంలో ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఎంపీత్రీ డిస్కులొచ్చి క్యాసెట్లను తినేశాయని మరికొందరు అంటారు. పేరొచ్చాక పొగరెక్కిందని ఇంకొందరు. ఈ ఆఖరివాళ్లు ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడి ఉండరు. మూడూ అబద్ధాలే. 2003 వేసవిలో ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట నా కొట్లో, నా డెక్కులో, నా చేత్తో ఆ క్యాసెట్టు వేసినదాన్ని నేను. డిస్కులు మా వీధికి వచ్చింది ఆ మరుసటి ఏడాది. గొంతు మాటకొస్తే, ఈ మూడు రకాలవాళ్లూ ఆ పాటలో గొంతు వచ్చేదాకా ఆగనే లేదు. అసలు జరిగింది అదే.

నేను బి.ఏ. పాసై, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టీ పెట్టీ విసిగి, 1993లో క్యాసెట్ల కొట్టు తెరిచాను. "ఆడమనిషివి, నీకు పాటల కొట్టేమిటి?" అని అడిగిన పెద్దమనుషులతో, "కొంటారా, దారికి అడ్డం నిలబడతారా?" అనేదాన్ని. కొట్టు ముందు ఒక నల్లబోర్డు వేలాడదీసి, ఆ వారం ఎక్కువగా అమ్ముడైన పది పాటల పేర్లు వరసగా సుద్దముక్కతో రాసేదాన్ని. పట్నాల్లో చార్టు అనే దానికి మా ఊళ్లో అదే రూపం. విశాఖపట్నం క్యాసెట్ కంపెనీల వాళ్లు శనివారం పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసి ఆ పది పేర్లూ రాసుకునేవారు.

రూతు మిషన్ చర్చి క్వయర్లో పాడేది. మిషన్ వారి ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పే టీచరు. 1997లో ఆమె మొదటి క్యాసెట్టు వచ్చింది. అందులో మొదటిది జీపు పాట. చింతపల్లి ఘాట్ రోడ్డులో జనాన్ని వెనక వేలాడదీసి లాక్కుపోయే డ్రైవర్ను ఒక ఆడమనిషి తిట్టే పాట. రికార్డింగు రోజున కీబోర్డు వాయించే ఆయన సమయానికి రాలేదట. స్టూడియో గంటలు అయిపోతున్నాయని డప్పు ఒక్కటే పెట్టి కానిచ్చేశారు. అందుకని ఆ పాటకు ముందు మ్యూజిక్ లేదు. ప్లే నొక్కగానే "ఆపరా జీపు!" అని రూతు గొంతు చెవిలో పడేది. తిట్లు తిన్న డ్రైవర్లే ఆ పాటను నెత్తికెత్తుకున్నారు. ఏజెన్సీ కొండల్లోకి వెళ్లే జీపులన్నిటిలో అదే మోగింది. నా బోర్డు మీద నెలల తరబడి మొదటి పేరు అదే. కంపెనీ వాళ్లు ఆ తరువాతి అచ్చులో అట్ట మీద ఆమె ఫోటో కింద 'ఉత్తరాంధ్ర పాప్ స్టార్' అని వేశారు.

ఆ తరువాత పెళ్లి, ఒక పాప, పాప అనారోగ్యం. ఆరేళ్లు ఆమె స్టూడియో మెట్లెక్కలేదు. 2003 ఏప్రిల్లో రెండు కట్టల క్యాసెట్లు పట్టుకుని నా కొట్టుకొచ్చింది.

"సింగిల్ అక్కా," అంది. సింగిల్ అంటే క్యాసెట్టు మొత్తానికి ఒకే పాట. ఒక వైపు పాట, రెండో వైపు గొంతు లేని వట్టి మ్యూజిక్. "ఇది బాగా ఎలితే పూర్తి క్యాసెట్టు సేస్తామన్నారు. హాస్టల్ తెరిసీలోగా కొట్ల నించి మల్లీ ఆర్డరు రావాలట. లేదంటే జూనులో నాను ఎల్లి టీచరుగా హాస్టల్ రిజిస్టర్లో సంతకం పెట్టీయాల. స్టూడియోకని మల్లీ సెలవడిగితే వేరే టీచర్ని ఎట్టుకుంతామని వార్డెనమ్మగారు కరాకండీగా సెప్పీసినారు."

అంటే ఆమె పాడే మనిషిగా ఉంటుందో, కుట్టు టీచరుగా మిగిలిపోతుందో ఆ ఒక్క పాట మీద, ఆరేడు వారాల్లో తేలిపోవాలి.

పాట సంత పాట. తూకంలో బొటనవేలు నొక్కి మోసం చేసే కొట్టువాణ్ణి నిలదీసే పాట. ఆమె వెళ్లాక మొత్తం విన్నాను. గొంతు మునుపటికన్నా పదునుగా ఉంది. అయితే ఆ గొంతుకు ముందు అలల చప్పుడు, వేణువు, వయొలిన్లు, ఆ పైన ఒక మగగొంతు "ఉత్తరాంధ్ర పాప్ స్టార్ సమర్పించు..." అంటూ ప్రసంగం. గడియారం చూశాను. నిమిషంన్నర. దర్జాగా ఉందనే అనుకున్నాను. వ్యాపారం చేస్తూ పదేళ్లయినా అంతే తెలివి నాకు.

రెండో వారం బోర్డు మీద ఏడో పేరుగా రాశాను. మూడో వారం పదిలోనే లేదు. మొదట అట్టను తిట్టాను. నల్లకళ్లద్దాలు పెట్టి, బుగ్గలకు రంగు పూసి, రూతును కన్నతల్లి కూడా గుర్తుపట్టకుండా చేశారు. అసలు సంగతి మే నెలలో ఒక మధ్యాహ్నం బయటపడింది. దానికి ముందు మా కొట్ల పద్ధతి ఒకటి చెప్పాలి.

మా దగ్గర ఎవరూ క్యాసెట్టు వినకుండా కొనరు. దాన్ని టెస్టింగ్ అంటాం. డూప్లికేట్ల కాలం అది. అట్ట మీద పేరున్న గాయని, లోపల ఎవరో ఊరూ పేరూ లేని గొంతు. గడుసువాళ్లు నడుమ ఒక్క పాట అసలైనది పెట్టేవారు. ఆ రకం కొట్టువాళ్లు ఫార్వర్డ్ నొక్కి, టేపును సరిగ్గా అక్కడికి తీసుకెళ్లి వినిపించేవారు. రెండుమూడుసార్లు మోసపోయాక జనమే ఒక చట్టం చేసుకున్నారు. సీలు మా కళ్లముందు తియ్యాలి, మొదటినుంచి వెయ్యాలి, ఫార్వర్డ్ ముట్టుకోకూడదు. బస్సు కదిలే లోపల అర నిమిషం వింటారు. నచ్చితే కొంటారు, లేదా పోతారు.

ఆ మధ్యాహ్నం రూతు కొట్లో నా వెనక స్టూలు మీద కూర్చుని, బస్సు టికెట్టు మడతలు పెడుతూ ఉంది. అప్పలరాజు వచ్చాడు. చింతపల్లి జీపు డ్రైవరు, జీపు పాట క్యాసెట్టు రెండుసార్లు అరగదీసిన మనిషి.

"అమ్మా, రూతమ్మది కొత్తదొచ్చిందట గదా. బేగి వెయ్యండి, జీపు నిండిపోనాది."

సీలు తీసి వేశాను. అలలు. వేణువు. మగగొంతు.

"ఏటమ్మా ఇది? సినిమాహాల్లో సబ్బు ప్రచారమేటి?"

"ఆగు బాబూ, వస్తుంది."

"ఏటొస్తాది? మగోడి గొంతుకు సీర కట్టి అమ్మెత్తన్నారు."

నాకు ఒళ్లు మండి ఫార్వర్డ్ నొక్కాను. నొక్కగానే అతను కౌంటరు మీద అరచెయ్యి వేశాడు.

"అదిగో! దాటించెత్తన్నారు. మీరూ ఆ బాపతేనా అమ్మా? పదేల్ల బట్టీ నమ్మినాను."

"నోరు అదుపులో పెట్టుకో. రూతు నాకు చెల్లెలులాంటిది. ఇది ఆమె పాటే."

"కొట్టోల్లందరికీ రూతమ్మ సెల్లెలే. నాకూ వొదినే అవుద్ది!"

అప్పుడు నా వెనక స్టూలు కదిలింది. రూతు లేచి నిలబడి, కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, డప్పూ వేణువూ ఏమీ లేకుండా పాడింది.

"బొటనేలు తియ్యి సావుకారీ, నీ బొటనేలు తీసి తూకం సూపించు..."

పక్కన సోడా తాగుతున్నవాళ్లు తలతిప్పారు. అప్పలరాజు చెయ్యి కౌంటరు మీదే ఉండిపోయింది. "అదీ!" అన్నాడు. "అది గొంతంటే! అమ్మా, తమరేనా? ఈ పాట దీన్లో ఉన్నాదా?"

"ఉన్నాది బాబూ. నిమిషంన్నర ఆగాల."

అతను డెక్కు వంకా ఆమె వంకా చూశాడు. "ఘాట్ రోడ్డులో నిమిషంన్నరలో రెండు మలుపులు తిరిగీగలను తల్లీ," అన్నాడు, తప్పు తనదైనట్టు నసుగుతూ. "ఆ జీపు పాటదే మల్లీ ఇచ్చీండి. నాది నలిగిపోనాది."

రూతు ఎదుటే పాత క్యాసెట్టు కొనుక్కుని వెళ్లిపోయాడు.

నేను మండిపడ్డాను. "ఎవరమ్మా నీకు ఈ మ్యూజిక్ తగిలించమని చెప్పిన మహానుభావుడు? కంపెనీ వాడా? వాణ్ణి ఫోన్లో కడిగేస్తాను."

"కంపెనీవోల్లు కాదక్కా. నానే అడిగి పెట్టించుకున్నాను."

"నీకెవరు చెప్పారు?"

రూతు నా కళ్లలోకి చూసింది. కోపం లేదు. "నువ్వే గదక్కా. జీపు పాట వొచ్చినప్పుడు ఇక్కడే అన్నావు. పాట బాగానే ఉంది గాని, వీధిలో కేకేసినట్టు మొదలైపోయింది, ముందు కాస్త మ్యూజిక్ ఉంటే పెద్ద సింగర్ పాటలా ఉండేదని."

అన్నాను. గుర్తొచ్చింది. మాటవరసకు అని, మరో గిరాకీకి క్యాసెట్టు చుట్టి ఇచ్చి మర్చిపోయాను. ఆమె ఆరేళ్లు మోసింది.

ఆ రోజే ఎస్‌టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫోన్ చేశాను. ముందు మ్యూజిక్ తీసేసి మళ్లీ అచ్చు వెయ్యమన్నాను. "ఉన్న సరుకు పోనివ్వండి మేడం, చూద్దాం," అన్నాడు ఫోన్ ఎత్తిన కంపెనీ ఆయన. సరుకు పోకపోవడానికే ఆ మ్యూజిక్ కారణమని వాదించాను. వాదనలో నాదే పైచెయ్యి. ఒక్క క్యాసెట్టూ మారలేదు. ఇక మిగిలింది బోర్డు. శనివారం ఫోన్ వచ్చే ముందు సుద్దముక్క తీసి, "మొదటి పేరు నీదే రాస్తాను, ఎవడు తనిఖీ చేస్తాడు?" అన్నాను.

"వొద్దక్కా. తూకంలో బొటనేలెట్టినోల్ల మీద పాడి, నానే ఏలెట్టమంటావేటి?"

బోర్డు మీద ఉన్నదే ఉంచాను. జూన్లో రూతు హాస్టలుకు వెళ్లి సంతకం పెట్టింది. మిగిలిన క్యాసెట్లు అట్టపెట్టెలో విశాఖపట్నం తిరిగిపోయాయి.

ఆ సంగతి తరువాత నేను కౌంటరు ఇవతల కూర్చుని పాటను తూచడం మానేశాను. కొత్త క్యాసెట్టు వస్తే రోడ్డు మీదికి దిగి, బస్సెక్కబోయే మనిషిలా నిలబడి అర నిమిషం వినేదాన్ని. 2006లో కొట్టు మూసేదాకా ఆ పద్ధతి తప్పలేదు. పాడేవాళ్లకు సలహా మాత్రం మళ్లీ ఇవ్వలేదు. నా నోటికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.

రూతు ఇప్పటికీ బలిఘట్టం ఆటోలో కనిపిస్తూ ఉంటుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ఏజెన్సీ జీపులన్నీ నీ పాటను ఉన్నదున్నట్టుగా నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటే, ఒక్క రాగం కూడా సరిగ్గా తీయలేని నా మాట నీకెందుకంత బరువైంది అని. ఆమె నవ్వి, "నువ్వు సదువుకున్నదానివి గదక్కా," అంది. అది జవాబు కాదు, తప్పించుకోవడం. నాకు అసలు జవాబు కావాలి. అన్ని జీపులు ఒక వైపు, కౌంటరు వెనక ఒక బి.ఏ. డిగ్రీ మరో వైపు. ఆ తూకంలో బొటనవేలు ఎవరిది?