తార్నాక చెట్ల కింద, మునిగిపోయిన ఒక ఊరి పేరు

జనగామలో వారమంతా బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను, ఆదివారం మా సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఈ రెండు పనులూ నాలో ఎప్పుడో కలిసిపోయాయి. పటం గోడకు తగిలించకుండా నాకు వాక్యం చెప్పడం రాదు. క్రిస్మస్ దగ్గరపడితే యెషయా ప్రవచనం తప్పకుండా చెబుతాను. చీకట్లో ఉన్న జనానికి గొప్ప వెలుగు కనబడుతుందని, అది జెబూలూను, నఫ్తాలి అనే ప్రాంతాల్లో మొదలవుతుందని ఆ ప్రవక్త ముందే చెప్పిన మాట అది. యేసు గలిలయలో తన పని మొదలుపెట్టడంతో ఆ మాట నెరవేరిందని పిల్లలకు చెప్పి, పటంలో గలిలయ సముద్రం పక్కన కర్ర పెట్టి చూపిస్తాను. పిల్లలు తల ఊపుతారు. నేనూ తృప్తిగా పటం చుట్టేస్తాను.

ఈసారి అదే పాఠం హైదరాబాద్‌లో చెప్పమని మా అక్క కూతురు పరిమళ ఫోన్ చేసింది. పరిమళ తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తోంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్యాంపస్ చెట్ల కింద ఒక చిన్న ప్రార్థన కూడిక నడిపిస్తోంది. వచ్చేవాళ్లంతా తార్నాక, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్లుగా, ఇళ్లలో పనిమనుషులుగా ఉంటున్నవాళ్లు. ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి వచ్చారు. “చిన్నమ్మా, వీళ్లకు వాక్యం చెప్పనీకి ఒక్కసారి వచ్చేటోళ్లు చానమంది. రెండోసారి ఎవ్వరూ రారు. నువ్వన్నా వస్తవా?” అంది. ఆ మాటకు కాదనలేక డిసెంబరు మొదటి ఆదివారం బయలుదేరాను.

మా వైపు నుంచి వెళ్లేవారికి రైలే మేలు. పొద్దున మా చర్చి గుడిలో తొలి ఆరాధన కాగానే స్టేషన్‌కు వెళ్లాను. ప్యాసింజరు టికెట్టు చాలా చవక, సికింద్రాబాద్‌కు రెండు గంటల ప్రయాణం. అక్కడ స్టేషన్ బయట రోడ్డు దాటితే మెట్రో ఉంది. ఉప్పల్ వైపు వెళ్లే రైలెక్కితే మెట్టుగూడ తరువాత తార్నాకే. ఇరవై రూపాయలలోపు అయిపోయింది. మెట్రో దిగి, మెట్ల కిందే ఉన్న చిన్న మెస్సులో భోజనం చేశాను. చుట్టిన పటం పక్క కుర్చీలో పెడితే వడ్డించే ఆయన, “ఏందమ్మా అది, క్యాలెండరా?” అన్నాడు. దేశపటం అన్నాను. “ఏ దేశం?” అని అడిగి, నేను చెప్పేలోపే వేరే బల్లకు పప్పు తీసుకెళ్లిపోయాడు.

క్యాంపస్ లోపలికి నడవచ్చు గానీ ఎండ ఇంకా చురుక్కుమంటోందని ఆటో ఎక్కాను. డ్రైవరు యాభై అడిగాడు, నేను బేరమాడలేదు. “ఐతారం కాలేజీ బంద్ గద మేడం. ఎవరన్నా ఉన్నరా లోపల?” అన్నాడు. వాచ్‌మెన్ల కూడిక ఉందని చెప్పాను. “అచ్ఛా, గా చెట్ల కాడ పాటలు పాడేటోళ్లా? ఎరుకే. మస్తు పాడతరు. నేను బండి ఆపి ఇన్న ఒకసారి” అంటూ సరిగ్గా ఆ చోటికే తీసుకెళ్లి దింపాడు. అంబర్‌పేట్ వైపు పోయే దారి నుంచి ఒక మట్టిబాట పక్కకు తిరుగుతుంది. అక్కడ నాలుగు పెద్ద వేపచెట్ల నీడలో ఇరవై, ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. పరిమళ ఎదురొచ్చి నా చేతిలో పటం అందుకుంది.

కూడిక అక్కడ ఒక పద్ధతిలో మొదలవుతుంది. ప్రతివాళ్లూ తమ పేరు, తమ ఊరి పేరు చెబుతారు. ఎందుకని పరిమళను అడిగాను. “అపార్ట్‌మెంట్‌ల వీళ్లను ఎవ్వరూ పేరుతోని పిలవరు చిన్నమ్మా. వాచ్‌మెన్ అంటరు, వాచ్‌మెన్ భార్య అంటరు. గీడనన్నా పేరు ఇనపడాలె గదా” అంది. ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. నా పక్కన కూర్చున్న బక్కపలుచని ఆవిడ వంతు వచ్చింది. “నా పేరు సుగుణమ్మ. మాది ఎర్రగట్టుపల్లి” అంది మెల్లగా.

వెంటనే వెనక నుంచి ఒక మగ గొంతు వినబడింది. “గా ఊరు ఇప్పుడు లేదు. లేని ఊరి పేరు ప్రతి వారం ఎందుకు చెప్తవే?”

తిరిగి చూశాను. బాట పక్క గట్టు మీద, మోపెడ్‌కు ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. సుగుణమ్మ భర్త దేవదానం. హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మెన్. భార్యను ప్రతి ఆదివారం బండి మీద దింపుతాడట, మళ్లీ తీసుకెళతాడట, చెట్ల కిందికి మాత్రం రాడట. సుగుణమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ ఊరికి ఏమైందో నాకు పరిమళ గుసగుసగా చెప్పింది. కృష్ణా నది మీద కట్టిన ఒక ప్రాజెక్టు కింద మునిగిపోయింది. పొలమూ ఇల్లూ గుడీ అన్నీ నీళ్లలోకి వెళ్లాయి. ఆ నీళ్లు కొన్ని ఎండాకాలాల్లో తగ్గితే గుడి గోడలు బయటపడతాయట. చూసొద్దామని సుగుణమ్మ ఏటా అడుగుతుందట, దేవదానం ఏటా వద్దంటాడట.

నా వంతు వచ్చింది. పటాన్ని చెట్టుకు కట్టి నాకు బాగా తెలిసిన పాఠం మొదలుపెట్టాను. జెబూలూను, నఫ్తాలి రెండూ పటంలోని ఆ దేశానికి ఉత్తరపు అంచున ఉండేవి. శత్రువు దండెత్తి వస్తే ముందు తగిలేది అవే. అష్షూరు రాజు వచ్చి ఆ ఊళ్లను కొల్లగొట్టి జనాన్ని పట్టుకుపోయాడు. మిగిలినవాళ్లను ఆ దేశపు దక్షిణ భాగంవాళ్లు చులకనగా చూసేవారు. అలాంటి చోటికి వెలుగు వస్తుందని ప్రవక్త చెప్పాడు. యేసు నజరేతు విడిచి, సరిగ్గా ఆ ప్రాంతంలోనే, కపెర్నహూములో కాపురం ఉన్నాడు. ఇక్కడిదాకా చెప్పి, అలవాటు ప్రకారం, “ఆ విధంగా ప్రవచనం నెరవేరింది” అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

“టీచరమ్మా, ఒక మాట అడుగుత. ఏమనుకోకు.”

దేవదానం గట్టు మీది నుంచి లేచి నిలబడ్డాడు. “చీకట్ల ఉన్నోళ్లందరికీ వెలుగొచ్చిందంటున్నవు. మేం గూడ మా తాత కాలం నుంచి ప్రార్థన చేసినోళ్లమే. మా ఊరికి నీళ్లొచ్చినయి. వెలుగు ఎప్పుడొస్తది?”

అతని గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అది. బడిలో అయితే తెలియని ప్రశ్నకు రేపు చెబుతాననవచ్చు. ఇక్కడ ఆ రేపు లేదు. “నాకు తెలియదు దేవదానం అన్నా” అన్నాను. అతను తల ఊపాడు గానీ కూర్చోలేదు. ఇంకేదో చెబుతానని చూస్తున్నాడు. నేను పటం వైపు చూశాను. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న ఆ పేర్లే అప్పుడు నాకు మరో రకంగా కనిపించాయి.

“ఒక్కటి మాత్రం చెప్పగలను” అన్నాను. “ప్రవక్త ఆ మాట చెప్పినప్పుడు విన్నవాళ్లెవరూ ఆ వెలుగు కళ్లారా చూడలేదు. వాళ్ల బిడ్డలూ చూడలేదు. యేసు వచ్చేసరికి వందల ఏళ్లు గడిచాయి.”

“గంత ఆలస్యమా!” అన్నారెవరో ముందు వరసలోంచి. కొందరు నవ్వారు. దేవదానం నవ్వలేదు.

“అవును, అంత ఆలస్యమే. అప్పటికి ఆ ప్రాంతాన్ని అందరూ గలిలయ అనే పిలుస్తున్నారు. జెబూలూను, నఫ్తాలి పాత పేర్లు. రాజులు మారారు, సరిహద్దులు మారాయి, ఆ పేర్లతో ఎవరికీ పనిలేదు. సువార్త రాసినాయన గలిలయ అని రాసి వదిలేయొచ్చు. కానీ ఆయన ఆ పాత పేర్లనే వెతికి తీసి రాశాడు. రాజులు తుడిచేసిన ఊళ్ల పేర్లు దేవుడికి ఇంకా గుర్తున్నాయి. నాకు తెలిసింది అంతే.”

దేవదానం గట్టు దిగి చెట్ల నీడలోకి వచ్చాడు. నాకు ఎదురుగా వచ్చి ఆగాడు.

“పేర్లు గుర్తుంటయంటవు.”

“అవునన్నా.”

“మా దానిగాని పేరు గూడనా?”

సుగుణమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ దానిగాడు ఎవరో నాకు తెలియదు, పరిమళకూ తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది. రెండేళ్లుగా ఆ కూడికకు వస్తున్న సుగుణమ్మ కూడా ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

దేవదానం కింద కూర్చుని చెప్పాడు. దానియేలు వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ఐదో ఏట జ్వరమొచ్చి పోయాడు. గుడి వెనక సమాధి చేశారు. తరువాత మూడేళ్లకు ఊరు ఖాళీ చేయమన్నారు. “ఇంటికి లెక్క గట్టిన్రు, చెట్టుకు లెక్క గట్టిన్రు. పిలగాడు పండుకున్న జాగ గురించి ఎవ్వరూ అడగలే. నేను గూడ నోరు తెరవలే. లారీ ఎక్కేటప్పుడు గీమె ఎనకకు మళ్లి చూస్తుంటే మెడ వంచి కూసోబెట్టిన. గప్పటి సంది వాని పేరు మా ఇంట్ల పలకలే. గోడలు తేలినయని మా చిన్నాయన కొడుకు ఫోన్ల ఫొటో పంపిండు. నేను తెరవలే.”

“ఎట్లుండేటోడు మీ దానియేలు?” అని అడిగింది వెనక నుంచి ఒక ముసలామె. ఆ ఒక్క మాటతో దేవదానం ముఖం మారిపోయింది. అలా అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

“మస్తు అల్లరి” అన్నాడు. “గుడి గంట తాడు అందకపోతే రాయి మీద రాయి పెట్టి ఎక్కేటోడు. పాస్టరుగారు ఇంక స్నానానికే పోకముందే గంట కొట్టేటోడు. ఊరంతా ఆగమాగమై ఉరికొచ్చేది.”

“ఒకసారి మా అత్త సగం తడి చీరతోనే వచ్చింది” అంది సుగుణమ్మ. ఏడుస్తూనే నవ్వింది. దేవదానం కూడా నవ్వాడు. అందరూ నవ్వారు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఇంకా చెప్పారు. వాడికి చేపముల్లు అంటే భయమట, రొట్టెలో బెల్లం పెడితేనే తినేవాడట. నేను ఎన్నో సంతాప కూడికలకు వెళ్లాను. పోయిన పిల్లవాడి గురించి తల్లిదండ్రులు ఇంత ఆత్రంగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

పరిమళ ప్రార్థన చేసింది. దానియేలు పేరు చెప్పింది, ఎర్రగట్టుపల్లి పేరు చెప్పింది. ఆమె ఆమెన్ అనగానే ఇంకో స్త్రీ లేచి తను వదిలొచ్చిన తండా పేరు చెప్పింది. ఇంకొకాయన తన అన్న పేరు చెప్పాడు. అలా చాలాసేపు పేర్లే ప్రార్థనగా సాగాయి. నేను రాసుకొచ్చిన పాఠం ఇంకా సగం మిగిలింది. దాన్ని సంచిలోనే ఉంచేశాను.

నాలుగు దాటాక అందరూ లేచారు. సాయంత్రం నీళ్ల మోటార్లు వేయాలి, గేటు దగ్గర ఉండాలి. దేవదానం మోపెడ్ స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ తార్నాక దాకా మాతో నడిచాడు. చౌరస్తా పక్కన అందరికీ టీ తాగించాడు. డబ్బులు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ భార్య వైపు చూడకుండానే, “ఎండకాలం పోదామే” అన్నాడు.

సుగుణమ్మ టీ పూర్తిగా తాగింది. “రొట్టెలు చేస్తా. బెల్లం పెట్టి” అంది. దేవదానం బండి స్టార్ట్ చేశాడు. ఆమె వెనక ఎక్కి, అతని భుజం మీద చెయ్యి వేసింది. హబ్సిగూడ వైపు పోయే వాహనాల మధ్య వాళ్లిద్దరూ కలిసిపోయారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిపొడవునా అతని ప్రశ్నే నాతో ఉంది. వెలుగు ఎప్పుడొస్తుందన్న దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. మునిగిన పొలం తేలదు, పోయిన పిల్లవాడు లేచి రాడు. ప్రవచనం నెరవేరిందని నేను ఇన్నాళ్లూ జరిగిపోయిన చరిత్రలా చెప్పాను. గలిలయ గట్టున నిలబడ్డ యేసు కూడా అష్షూరు పట్టుకుపోయినవాళ్లను తిరిగి తీసుకురాలేదు. అక్కడ మిగిలిన మనుషుల మధ్యకు వచ్చి, వాళ్ల వీధిలో ఇల్లు తీసుకుని, వాళ్లను పేరు పెట్టి పిలిచాడు. వెలుగు అంటే అదేనేమో అని ఆ మధ్యాహ్నం అనిపించింది. పదేళ్లకు పైగా మూసుకుపోయిన ఒక తండ్రి నోరు తెరుచుకుని కొడుకు పేరు పలకడం నేను చూశాను. అంతకంటే పెద్ద నెరవేర్పు నా కళ్ల ముందు ఎప్పుడూ జరగలేదు.

ఇలాంటి కూడికకు వెళ్లాలనుకుంటే రెండు గంటలకల్లా తార్నాకలో దిగండి, నాలుగున్నర దాటితే ఎవరూ ఉండరు. సంచిలో ఒక చాప మడిచి పెట్టుకోండి. అక్కడికి వచ్చి కూర్చునేవాళ్లు ఎక్కువ, చాపలు తక్కువ.