మా నాయనకు పని లేని పెళ్లి

మాది ఆళ్లగడ్డ, మా చెల్లెలు చేసుకున్న అబ్బాయిది బనగానపల్లె. బస్సెక్కి ఒక కునుకు తీస్తే ఈ ఊరి నుంచి ఆ ఊరికి వెళ్లిపోవచ్చు. అయినా పెళ్లి మాత్రం గోవాలో జరిగింది. ఇద్దరూ బెంగళూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. సముద్రం ఒడ్డున ఒక రిసార్టు మాట్లాడుకున్నామనీ, గదులూ భోజనాలూ అలంకరణా అన్నీ వాళ్లే చూసుకుంటారనీ, మనం బట్టలు సర్దుకుని వస్తే చాలనీ చెల్లెలు ఫోన్లో చెప్పింది.

అమ్మ వెంటనే ఒప్పుకుంది. నాయన ఆ మాట నమ్మలేదు.

"అన్నీ వాళ్లే చూసుకుంటే మనమేం చేయల్ల ఆడ?" అన్నాడు.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మా నాయనకు పెళ్లంటే పంక్తి. మా వీధిలో ఎవరింట్లో పెళ్లయినా తెల్లారేసరికి పంచె ఎగ్గట్టి వంటపొయ్యిల దగ్గర ఉంటాడు. భోజనాలు మొదలయ్యాక వరసల మధ్య తిరుగుతూ, వద్దు వద్దు అని విస్తరికి చేతులు అడ్డం పెట్టినవాళ్లకు కూడా ఇంకో పోళీ, అదే బొబ్బట్టు, వేయించి నెయ్యి పోయిస్తాడు. చివరి పంక్తి లేచాక గానీ తను తినడు. సొంత కూతురి పెళ్లిలో ఈ పనులేవీ లేకపోవడం ఆయన ఊహకు అందలేదు.

మా ఆయనతో సహా దగ్గరి చుట్టాలం మాత్రమే నంద్యాలలో రైలెక్కాం. మాతోపాటు నాయన స్నేహితుడు కూడా వచ్చాడు. ఆళ్లగడ్డ బజారులో గాజుల కొట్టు ఆయనది. పేరుకు సాయిబు, మాకు చిన్నాయన. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా గాజులు తన చేత్తోనే తొడుగుతాడు. చెల్లెలికి తొడగాల్సిన ఎర్రగాజుల పెట్టె రైల్లో ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

రిసార్టులో అడుగు పెట్టగానే కొబ్బరినీళ్లు ఇచ్చి, అందరి మణికట్టుకీ పచ్చటి పట్టీ ఒకటి బిగించారు. అది చూపిస్తే ఏదైనా తినొచ్చు, ఎన్నిసార్లయినా తినొచ్చు. మా పెద్దమ్మ చేయి ఎత్తి చూసుకుని, "కంకణం పెండ్లికూతురికి కదమ్మే కట్టేది, నాకేందీ?" అంది. చిన్నాయన మాత్రం ఆ పట్టీకి ఉన్న విలువ క్షణంలో గ్రహించాడు. సాయంత్రానికల్లా పుచ్చకాయ రసం, నిమ్మరసం, పేరు తెలియని నీలం రంగు పానకం అన్నీ రుచి చూశాడు. లుంగీతో ఈతకొలనులో దిగబోతే అక్కడి మనిషి ఆపాడు. వెంటనే వెళ్లి పూల పూల నిక్కరు కొనుక్కొచ్చి మరీ దిగాడు.

నాయన వంటశాల ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లాడు. లోపలికి రానివ్వలేదు. అక్కడి మేనేజరమ్మకు తెలుగు రాదు. నేను మధ్యలో నిలబడి ఒకరి మాట ఒకరికి చెప్పాను. "మీరు మా అతిథి, హాయిగా కూర్చోండి" అని ఆమె నవ్వుతూ చేతులు జోడించింది. నాయన ముఖం చిన్నబోయింది.

మర్నాడు పొద్దున టిఫిన్ల హాల్లోకి వెళ్లేసరికి ఆయన దారి ఆయన వెతుక్కున్నాడని అర్థమైంది. వెయిటరు దగ్గర పట్టకారు తీసుకుని బల్లబల్లకూ తిరుగుతున్నాడు. కిటికీ పక్కన టోపీలు పెట్టుకున్న ముసలి దంపతులు కూర్చుని ఉన్నారు. ఏ దేశంవాళ్లో తెలియదు. వాళ్ల ప్లేట్లలో వేడి దోసెలు వేస్తూ, "ఏందప్పా, పిట్టల మాదిరి తింటాండారు? ఇంగోటి వేసుకోండి. పెండ్లికి వచ్చి ఆకలితో పోతే మాకు బాగుంటాదా?" అంటున్నాడు. వాళ్లు పెళ్లికి వచ్చినవాళ్లు కాదు. అయినా దోసెలు తిన్నారు. ముసలాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. నాయన కూడా తిరిగి బొటనవేలు చూపించి, "రేపు పొద్దున ముహూర్తం, ఇద్దరూ రావల్ల" అని బయట ఇసుకలో వేస్తున్న మండపం వైపు చేయి ఊపాడు.

అది చూసిన చెల్లెలు వచ్చి పట్టకారు లాక్కుంది. "నాయనా, ఈ పని చేయడానికి వాళ్లుండారు. నువ్వు కూర్చో."

"కూర్చునేదానికి ఇంత దూరం పిల్చుకొస్తివా?" అని ఆయన విసురుగా బయటికి వెళ్లి ఇసుకలో కూలబడ్డాడు.

మేమిద్దరం వెనకే వెళ్లాం. చెల్లెలు పక్కన కూర్చుని అడిగింది.

"అక్క పెండ్లిలో తాళి కట్టేటప్పుడు నువ్వు యాడుంటివి నాయనా?"

ఆయన ఆలోచించాడు. "పంక్తికాడ. పెరుగు తక్కువైంటే..."

"నేను చూస్తాంటి. నీ కోసం అంతా వెతికినా. అందుకే ఈడ పెట్టినా పెండ్లి. నీకు ఏ పనీ ఉండగూడదని."

నాకు ఆ సంగతి గుర్తే లేదు. తల వంచుకుని కూర్చున్నదాన్ని, ఎవరున్నారో ఎవరు లేరో ఎలా చూస్తాను? అప్పుడు హైస్కూల్లో చదివే చెల్లెలు మాత్రం చూసింది, ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుంది. నాయన ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ సముద్రం వైపు చూశాడు. తర్వాత, "సరేలేమ్మా, కూర్చుంటా" అన్నాడు.

పెళ్లిరోజు గాలి ఆగలేదు. అహోబిలం నుంచి మాతో వచ్చిన అయ్యవారి మంత్రాలు అలల హోరులో సగమే వినిపించాయి. హోమం ఆరిపోతుంటే మగవాళ్లంతా తువ్వాళ్లు విప్పి చుట్టూ గోడలా నిలబడ్డారు. ముందు వరసలో ఆ టోపీల దంపతులు కూడా ఉన్నారు. చెల్లెలి చేతుల్లో ఎర్రగాజులు గలగలమంటున్నాయి. కన్యాదానం అయ్యాక నాయన చూపు భోజనాల హాలు వైపు ఒకటి రెండుసార్లు మళ్లింది. వెనక నిలబడ్డ చిన్నాయన ఆయన భుజం మీద చేయి వేసి, "యాడికీ పోబాకు అన్నా" అన్నాడు. పోలేదు.

తాళి కట్టడం నాయన రెప్పవేయకుండా చూశాడు. ఎంతగా చూశాడంటే అక్షింతలు వేయడం మరిచిపోయాడు. అందరం వేసి, ఫొటోలు దిగి, భోజనాలకు లేచినా ఆయన గుప్పిట మూసే ఉంది. చివరికి బల్ల దగ్గర చెల్లెలూ మరిదీ భోజనానికి కూర్చున్నాక వెనక నుంచి వచ్చి వాళ్ల తలల మీద గుప్పిట విప్పాడు. బియ్యమంతా పప్పన్నంలో పడింది. చెల్లెలు నవ్వుతూనే ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"రెండో ముడి వేసేటప్పుడు అబ్బాయి చేయి వణికె, చూసినావా?"

"లేదు నాయనా."

"నేను చూసినా." నా వైపు జరిగి మళ్లీ అడిగాడు. "నీ పెండ్లిలో గూడా వణికిందా?"

"నాకేం తెల్సు? నీ అల్లుణ్నే అడుగు."

పైబెర్తులో నిద్రపోతున్న మా ఆయన్ను తట్టి లేపాడు. ఆయన కళ్లు నులుముకుని, ప్రశ్న రెండుసార్లు చెప్పించుకుని, "వణికింది మామా. ఆ పొద్దు పట్టుచొక్కా మరీ బిగువుగా ఉండె" అని మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు.

నాయన తృప్తిగా తల ఆడించి, టీ అమ్ముకుంటూ వచ్చిన మనిషిని ఆపి, ఆ రైలుపెట్టెలో ఉన్నవాళ్లందరికీ టీ పోయమన్నాడు.