లోకాంతాన్ని కత్తెరతో ఆపిన యాకోబు

పందొమ్మిది వందల డెబ్బై మూడుల లోకాంతం మెదక్ దాకా వచ్చి, యాకోబు టైలర్ కత్తెరను చూసి జడుసుకొని హవేలిఘనపూర్ దిక్కు వాపస్ పోయింది. నేను కండ్లార చూసిన. ఎనిమిదో తరగతిల బడి ఇడిసిపెట్టినంక యాకోబు దుకాణం ముంగట బల్ల మీద కూసునుడే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నా అంత గట్టిగ చేసినోడు జిల్లాల లేడు.

చర్చి అయ్యగార్ల తెల్ల నిలువుటంగీలు యాకోబే కుట్టేది. గుండీలు కుడుతనే లోకం ఎట్ల పాడైతున్నదో చెప్పేటోడు.

"క్రిస్మస్ నాడు చర్చికి వస్తున్నరా, సినిమాకు వస్తున్నరా? ఆడపిల్లల జాకెట్లకు చేతులు లేకపాయె. మొగపిల్లల ప్యాంట్లు నేల ఊడువబట్టె. సిగ్గు పోయినంక భక్తి నిలుస్తదా? అంత్యదినాలు ఇవి కాకుంటె ఏవి?"

మేం నవ్వేటోళ్లం గని, ఆ మాట అనుకుంట అతను ఆకాశం దిక్కు చూసేటోడు. నిజంగనే భయపడేటోడు.

ఒక ఆదివారం చర్చిల అందరి నడుమ లేచి, "నా చేతులతోని బెల్‌బాటం కుట్టను. దేవుని ముంగట ఒట్టు" అన్నడు.

ఆ ఎండకాలమే బిడ్డ నవోమికి పెండ్లి కుదిరింది. పిల్లగాడు అమరేందర్, అల్లాదుర్గ్ బడిల సారు. పెండ్లికొడుకు బట్టలు పిల్ల తండ్రే పెట్టాలె. అమరేందర్ టెరికాట్ గుడ్డ చంకల పెట్టుకొని వచ్చి కొలతలకు నిలవడ్డడు.

"మామా, కింద జర ఎడల్పు పెట్టుండ్రి. బెల్‌బాటం."

టేపు యాకోబు చేతులనే ఆగింది. "ఒట్టు వెట్టిన బిడ్డా."

"నేను సుత దోస్తులకు చెప్పుకున్న మామా, పెండ్లి ప్యాంటు మా మామనే కుడుతడని. వేరేటోళ్లు కుట్టింది తొడుగ. మీరు కుట్టిన దినమే పెండ్లి."

గుడ్డ బల్ల మీద పెట్టి పోయిండు.

పక్క దుకాణంల గాజులమ్మే ఖయ్యూం ఊకుంటడా? "యాకోబ్ భాయ్, మీ అయ్యగారి అంగీ అంచు కొలిచి చూడు. దాని ముంగట గీ ప్యాంటు లంగోటి!"

అతను నవ్వులాటకన్నడు. యాకోబు నిజంగనే కొలిచిండు. కొలిచి పరేషాన్ అయిండు.

"గుడ్డ తక్కువైతె పాపమన్న. ఎక్కువైతె పాపమన్న. మరి ఇదేంది?"

టేపు మెడల ఉండంగనే అయ్యగారి ఇంటికి పోయిండు. సాక్ష్యానికి నేను సుత ఎంబడి పోయిన.

"అయ్యగారూ, పాపం గుడ్డల ఉంటదా, తొడిగినోని మనసుల ఉంటదా?"

అయ్యగారు గడ్డం గోక్కున్నరు. "రెంట్లోనూ ఉండొచ్చు యాకోబూ. ప్రార్థన చెయ్యి."

"మనసులనే ఉంటె, నేను ఇన్నేండ్లు ఉత్తగనే గుడ్డలను తిట్టిన. గుడ్డలనే ఉంటె, మీ అంగీ…"

అయ్యగారు తన అంగీ దిక్కు చూసుకున్నరు.

యాకోబు ఇంట్ల నవోమి పొయ్యి ముంగట కూసొని ఏడుస్తున్నది. పొగకేమో అనుకున్నం, పొయ్యి అంటిచ్చనే లేదు.

"నాయనా, లోకం సంగతి దేవుడు చూసుకుంటడు. నా సంగతి నువ్వు చూడు" అన్నది.

యాకోబు దుకాణానికి నడిచిండు. దుకాణం తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నడు. అటెన్క ఏమైందో నాకే తెలుసు: లోపల మెరుపు మెరిసింది, దేవదూత దిగి సుద్దముక్కతోని గీత గీసిండు, కత్తెర దానంతటదే నడిచింది, దాన్ని చూసే లోకాంతం వాపస్ మర్లింది.

పెండ్లి నాడు అమరేందర్ ఎక్కుతుంటె బెల్‌బాటం అంచులకు చర్చి మెట్లన్నీ ఊడ్చినట్టు సాఫయినయి. మరుసటి ఆదివారం నుంచి యాకోబు ముంగటి వరుస ఇడిసి ఆఖరి బెంచీల కూసున్నడు. ఎందుకో ఎవరికీ చెప్పలే.

కొన్నేండ్లకు అదే బల్ల మీద పదిమందిల ఈ ముచ్చట చెప్పుకుంట, "దూత వచ్చి కుట్టుమన్నడు, లోకాంతం ఆగింది, అవునా కాదా పెదనాయనా?" అని అడిగిన. యాకోబు సూదిల దారం ఎక్కిస్తనే, తల ఎత్తకుంట అన్నడు:

"దూతా రాలే, లోకాంతమూ ఆగలే. పిల్ల ఏడ్సింది, కుట్టిన. పాపమా కాదా, నాకింక తెల్వదు."