గట్టిపడిన గడ్డ

మా మామయ్యగారికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. వడ్ల బస్తాలో చెయ్యి పెట్టి తేమ ఎంతుందో చెప్పేస్తారు. మిషను చెప్పేది ఆ తర్వాతే. మా పాపకు రెండేళ్లప్పుడు మెడ పక్కన మెత్తటి వాపు వస్తే, దాన్నీ రోజూ పొద్దున్నే అలాగే నొక్కి చూసేవారు. ఇంట్లో అందరికీ ఆ వేళ్లు చెప్పిందే వేదం. కోదాడ నుంచి వచ్చిన కోడలిని, నాకూ అంతే.

సూర్యాపేటలో పిల్లల సర్జన్ స్కానింగ్ చేసి, క్యాన్సర్ కాదన్నారు. ఒంట్లో లింఫు అనే ద్రవం పారే సన్నటి గొట్టాలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడక నీటి సంచుల్లా ఉబ్బాయట. కోస్తే ముఖం నరాలు దెబ్బతినొచ్చట. అందుకని మత్తిచ్చి, సూదితో నీరు లాగి, ఆ సంచుల గోడలు అతుక్కుపోయే మందు ఎక్కించారు.

"ముందుగాల ఇంకా వాస్తది, గట్టివడ్తది. పరేషాన్ కావొద్దు. ఆరు వారాలకు మళ్ల తీసుకరండి," అన్నారు డాక్టరు. మా ఆయన మందుల షాపు దగ్గరున్నారు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

నాలుగో రోజు మామయ్య నొక్కి చూశారు. "రాయి లెక్క అయింది. మందు ఎదురు తిరిగింది. ఇగ సూదులు బంద్!" అన్నారు. మా ఆయన తలూపారు. నేను నోరు విప్పలేదు. మహా బుద్ధిమంతురాలిని మరి!

ఆరు వారాలకు మళ్లీ తీసుకెళ్లలేదు. సూది వేసిన మూడో నెలలో పాపకు మామూలు జలుబు చేసింది. ఒక్క పూటలో మెడ ఎర్రగా పొంగి గడ్డం దాకా వచ్చింది. పాలు మింగలేదు, ఊపిరి గురగురమంది. కారులో సూర్యాపేట చేరేదాకా దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. గడ్డకు ఇన్ఫెక్షన్ పట్టిందన్నారు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బతికి బయటపడింది. కొన్నాళ్లాగి మళ్లీ సూదులు మొదలుపెడతామని, గట్టిపడితే భయపడొద్దని డాక్టరు చెబుతుంటే ఈసారి మామయ్య పక్కనే ఉన్నారు.

వరండాలోకి వచ్చాక నన్నడిగారు. "ఈ ముచ్చట మొదలే చెప్పిండ్రా అమ్మా?"

"చెప్పారు మామయ్యా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీకు ఎదురు చెప్పాలంటే భయమేసింది."

"తిట్టయినా చెప్పాల్సింది గదమ్మా. నా మనవరాలాయె," అన్నారు.

చెబితే వినేవారే. నేనే చెప్పలేదు.