దొంగ సీడీలో నాన్న గొంతు

కోకాపేట ఆఫీసులో పక్క సీటామె ఫోన్లో దొంగ ప్రింటు చూస్తోంది. తెరకు అడ్డంగా ఎవరిదో తల లేచింది. గుర్తుందా, మన కిరాయి సీడీల్లోనూ ఇంతే!

మా నాన్న థియేటర్లో టార్చిలైటుతో సీట్లు చూపించేవాడు. నా చిన్నప్పుడు ఓసారి కిరాయికి తెచ్చిన సీడీలో అలా లేచిన తల మీద టార్చి వెలుగు పడింది. "ఏయ్, జర కూసో!" అన్నది నాన్న గొంతే.

"మా నాయిన సినిమాల ఉన్నడు!" అని గల్లీ అంతా చాటాను. అది థియేటర్ ఓనరు చెవిన పడింది. హాల్లో దొంగచాటుగా కెమెరా పెట్టినవాణ్ని పట్టుకోలేదని నాన్నను పనిలోంచి తీసేశాడు.

ఆ రోజు నాన్న నన్ను తిట్టలేదు. "నా గొంతు మంచిగ పడ్డదా, బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

లింకు పంపనా అంది పక్క సీటామె. వద్దన్నాను. నాన్న ఇప్పుడు లేడు. నేను తిరిగివ్వని ఆ సీడీలో తప్ప ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.