నేను రాసిన అబద్ధాన్ని నేనే చదవలేకపోయిన రోజు

సహోదరులారా, సహోదరీలారా! ఈ విశాఖపట్నంలో ఒకప్పుడు నా పేరు చెబితే ఆఫీసర్లు కుర్చీలోంచి లేచి నిలబడేవారు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, నేనెంత చీకట్లో పడి ఉన్నానో మీకు తెలియాలని చెబుతున్నాను. వన్‌టౌన్‌లో నాకొక ప్రెస్సు, నాలుగు పేజీల దినపత్రిక ఉండేవి. ఓనరూ నేనే, ఎడిటరూ నేనే. పోర్టులో కూలీల కష్టం రాసి పేరు తెచ్చుకున్నవాణ్ణి, మోకాళ్ల మీద ప్రార్థించే తల్లి కడుపున పుట్టినవాణ్ణి, కానీ పేరు వచ్చాక నాకు దేవుడు అక్కర్లేకపోయాడు.

మా జిల్లా నాయకుడొకాయన, నన్ను నోరారా "బావా" అని పిలిచేవాడు. నా రాతల నిచ్చెన ఎక్కి ఎమ్మెల్యే అయ్యాడు, ఆపైన మంత్రీ అయ్యాడు. నన్ను శాసనమండలికి పంపిస్తానన్నాడు. ఆ ఒక్క మాటకే నేను అమ్ముడుపోయాను! హైదరాబాదు గెస్ట్‌హౌసుల్లో మొదలైన తాగుడు నా ఆఫీసు సొరుగులోకి వచ్చి కూర్చుంది. పొద్దున్నే గ్లాసు పడితే తప్ప కలం పట్టుకునే చెయ్యి వణుకు మానేది కాదు. నా భార్య సుగుణ చర్చికి రమ్మని పిలిచి పిలిచి ఊరుకుంది.

అవి ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులు. కూర్మన్నపాలెం అవతల ఒక పల్లెలో అప్పలనాయుడనే రైతు, భూమి పోయిన ప్రతి ఇంటికీ ఉద్యోగం ఇస్తేగానీ కదలమని జనాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టాడు. మంత్రికి కంటగింపయింది. నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఆడు తన తమ్ముడికి ఉద్యోగం రాయించుకుని ఊరిని అమ్మేసినాడని రాసెయ్. నాను సెప్తన్నాను గదా, ఇంకా రుజువెందుకు?"

రాశాను. మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో రాశాను! నమ్మిన ఊరే అతని మీద రాళ్లు వేసింది. తల పగిలి పెద్దాసుపత్రిలో పడ్డాడు. రోడ్డు మీది జనం చెదిరిపోయారు. మంత్రి నాకు సీసా పంపించాడు, నేను తాగాను.

నాలుగో రోజు పొద్దున ఒక ఆడమనిషి నా గదిలోకి వచ్చింది, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో మడతపెట్టిన నా పేపరు. దాన్ని బల్ల మీద పరిచింది.

"నాకు సదువు రాదు బాబూ. మా ఇంటాయన గురించి దీన్లో ఏటి రాసినారో మీరే సదివి సెప్పండి. ఊరంతా ఏదేదో అంతన్నారు. రాసినోళ్ల నోటితోనే ఇందామని వచ్చినాను."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి, శాపం పెట్టి ఉంటే బంట్రోతుని పిలిచేవాణ్ణి. కానీ ఆమె చెవి ఒగ్గి నిలబడింది! అప్పలనాయుడు అనే పేరు దగ్గరే ఆగిపోయాను. వేల మందికి అమ్మిన ఆ అబద్ధాన్ని ఒక్క మనిషి ముఖం చూసి చదవలేకపోయాను. ఆమె "సదవలేనిది ఎందుకు రాసినారు బాబూ?" అని మాత్రం అడిగి, పేపరు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

తలుపు వేసుకుని, ఇరవయ్యేళ్ల తర్వాత మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నువ్విచ్చిన కలాన్ని అమ్ముకున్నాను. నా చెయ్యి పడిపోయినా సరే, నా చేత ఒక్క నిజం రాయించు!" అని ఏడ్చాను. లేచి సొరుగులోని సీసా కాలవలో పారబోశాను. తర్వాత రోజులు నరకమే, ఒళ్లంతా వణుకు, వాంతులు, సుగుణ నా తల ఒళ్లో పెట్టుకుని ప్రార్థిస్తూనే ఉంది. కానీ సహోదరులారా, ఆనాటి నుంచి ఈనాటి వరకు ఒక్క చుక్క ముట్టలేదు. దేవునికే మహిమ!

వణికే చేత్తోనే రాశాను. అదే మొదటి పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో: నేను అబద్ధం రాశాను, ఎవరు రాయించారో కూడా ఇదిగో!

మంత్రి ఫోన్ వచ్చింది. "ఏటి సేసావు బావా? నీ సీటు పోనాది, తెలుస్తందా? రేపు నీ పేపరుకి కాయితం ఎలా వస్తాదో సూత్తాను!"

"నా దేవుడు నీ దగ్గర కాయితం కోటా తీసుకుని బతకడం లేదు" అన్నాను, ఫోన్ పెట్టేశాను.

ప్రభుత్వం ఇచ్చే న్యూస్‌ప్రింట్ కోటా ఆగింది. ప్రభుత్వ ప్రకటనలు ఆగాయి. పట్టపగలు పదిమంది వచ్చి ప్రెస్సులో అచ్చుకి పేర్చే సీసపు అక్షరాలన్నీ రోడ్డు మీదికి విసిరేశారు. వాటిని ఏరుకుంటూనే మర్నాటి పేపరు రెండు పేజీలతో వేశాం, రెండింటిలోనూ అదే నిజం వేశాం!

అప్పలనాయుడు మంచం దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. కట్లు కట్టిన తల తిప్పి ఆయన ఒకటే అన్నాడు: "పేపర్లో రాత్తే సాలదు బాబూ. మా ఊరోళ్లు సగం మందికి సదువు రాదు. ఊరి మద్దిన నిలబడి నోటితో సెప్పండి."

వెళ్లాను. ఎండలో ఊరందరి ముందు నిలబడి చెప్పాను. ఒకతను నా మీద మట్టి విసిరాడు, తుడుచుకోకుండా చివరి వరకు చెప్పాను. ఆ వారమే వాళ్లు మళ్లీ రోడ్డు మీద కూర్చున్నారు, ముందు వరసలో అప్పలనాయుడు. అందరికీ న్యాయం జరగలేదు, కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కొందరు ఇంకా అడుగుతూనే ఉన్నారు. నేనూ వాళ్లతో అడుగుతూనే ఉన్నాను.

పేపరు రెండేళ్లకు మూతపడింది. సీటు రానందుకు దేవుణ్ణి పట్టుకున్నాడని నన్ను ఎగతాళి చేసేవాళ్లున్నారు. చేసుకోనివ్వండి! సీటు ఇచ్చేవాళ్లు నన్ను వంగదీశారు, నా ప్రభువు నన్ను నిలబెట్టాడు. ఈరోజు శుభలేఖలు అచ్చువేసుకుని బతుకుతున్నాను, ఏ మంత్రి కారు ఎదురొచ్చినా తల దించను!

మీలో ఎవరైనా భయపడి అబద్ధం కింద సంతకం పెట్టి ఉంటే, వణికే చేతులతోనే రండి, ఆయన ఆ చేతులనే పట్టుకుంటాడు. నన్ను పట్టుకున్నవాడు మిమ్మల్ని వదులుతాడా? కృతజ్ఞతా స్తోత్రాలన్నీ ఆయనకే. ఆమేన్.